తలుపు మీరే తీసుకోండి

తాళాల మాస్టరుకి ఒక నియమం ఉంది. బీరువా అయినా, పెట్టె అయినా, వీధి తలుపు అయినా సరే, దాని సొంతదారు ఎదురుగా నిలబడితే తప్ప సంచిలోంచి తీగ బయటికి తీయడు. పని మొదలుపెట్టాక, లోపల పిన్నులన్నీ లేచి కప్ప తిరిగిన చప్పుడు వినబడగానే చేతులు వెనక్కి తీసేసుకుంటాడు. "తలుపు మీరే తీసుకోండి" అని వీపు తిప్పి నిలబడి, ఆకురాళ్ళు సంచిలో సర్దుకుంటాడు. లోపల నగలున్నాయో, పాత ఉత్తరాలున్నాయో, చచ్చిన బల్లి ఉందో ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. ఈ సంగతి అతనే అందరికీ చెబుతాడు. ఒకసారి కాదు, టీ తాగిన ప్రతిసారీ చెబుతాడు. మాటలకు కరువు లేని మనిషి. వీధిలో వాళ్ళు తన వెనకాల 'రేడియో' అంటారని తెలుసు, అది మెచ్చుకోలే అనుకుంటాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం మధ్యాహ్నం భార్య కుట్టుబల్ల ముందు కూర్చుని, ఆమె ఫోనులో తాళం బొమ్మ ఉన్న ఫోల్డరు తెరిచాడు. ఆమె ఇంట్లో లేదు.

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ముందుగదిని మధ్యకి పలచటి చెక్కతో చీల్చి, కిటికీ ఉన్న సగంలో ఆమె కుట్టుమిషను పెట్టుకుంది. మిగిలిన సగంలో మంచం, కుర్చీ, అతని పాత తాళాల డబ్బాలు. కుట్టుగదిలో నిలువుటద్దం ఒకటుంది, కానీ దానికెప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉంటుంది. బట్టలు కుట్టేచోట అద్దానికి ముసుగేమిటని మాస్టరు చాలాసార్లు నవ్వాడు. "అడిగినవాళ్ళకి తీస్తాను" అని ఆమె జవాబు.

రెండేళ్ళ కిందటి వరకు ఆమె దగ్గరికి పిల్లల గౌన్లకీ, స్కూలు యూనిఫారాలకీ ఆడవాళ్ళు గుంపులుగా వచ్చేవాళ్ళు. ఇప్పుడు ముందుగా ఫోను చేసి ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. గుమ్మంలో మాస్టరు కనబడితే మాట ఆపేస్తారు. లోపలికి వెళ్ళగానే గడియ పడుతుంది. ఆమె ఫోను పట్టుకునే పద్ధతి కూడా మారింది. అతను పక్కకి వస్తే తెర కాస్త అటు వాలుతుంది.

"ఏమిటే ఆ తాళం బొమ్మ?" అని ఒకరోజు అడిగాడు.

"కస్టమర్ల కొలతలండీ."

"కొలతలకి తాళమెందుకే?"

"బీరువాలకెందుకట?" అని నవ్వి, ఆమె మిషను పెడలు మీద కాలు వేసింది. మిషను చప్పుడు మొదలైతే ఆ ఇంట్లో ఇక మాటలుండవు.

అక్కడితో పోయేదేమో. కానీ మాస్టరు సొంత అక్క, లైబ్రరీలో పనిచేసే పెద్దక్క, ఈ మధ్య మూడుసార్లు వాళ్ళింటికి వచ్చి వెళ్ళింది. మూడుసార్లూ వీధి మొదట్లో ఉన్న అతని తాళాల బడ్డీ ముందునుంచే వెళ్ళింది, ఆగలేదు. మూడోసారైతే రోడ్డు దాటి అటువైపునుంచి వెళ్ళింది. "మా అక్క ఎందుకొచ్చిందే?" అంటే, "జాకెట్టు కుట్టించుకోవడానికి" అంది భార్య, దారం కొరుకుతూ. దారం కొరికేటప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడదు. నా అక్క, నా పెళ్ళాం, నా ఇల్లు, నాకు తెలియని సంగతి. అది మాస్టరుకి చెప్పులో రాయిలా తయారైంది.

ఆ సోమవారం ఆమె లైనింగు గుడ్డకోసం బజారుకి వెళ్ళింది. ఫోను చార్జింగులో పెట్టి మర్చిపోయింది. అది మోగుతుంటే మాస్టరు చెక్క అవతలినుంచి లేచి వచ్చాడు, వచ్చేసరికి ఆగిపోయింది. ఫోను చేతిలోనే ఉంది. తాళం బొమ్మ నొక్కితే నాలుగంకెలు అడిగింది. ఆమె పుట్టినరోజు కొట్టాడు, కాదంది. ఇంటి నంబరు కొట్టాడు, కాదంది. కింద చిన్న అక్షరాల్లో ఉంది: మర్చిపోయారా?

వేలు దానిమీద పడింది. అప్పుడది అకౌంటు పాస్‌వర్డ్ అడిగింది. ఆ అకౌంటు అతనిదే. ఫోను కొన్న రోజు ఆమె ఏదో అర్జంటు పనిలో ఉంటే, అతనే షాపులో కూర్చుని తన పేరుమీద, తన నంబరుమీద అకౌంటు చేయించాడు. "మీ ఆవిడకి వేరేగా చేద్దామా సార్?" అని ఫోను షాపు అమ్మాయి అడిగితే, "ఇంటికొకటి చాలమ్మా" అన్నాడు, ఏదో పొదుపు చేసినవాడిలా. పాస్‌వర్డ్ కూడా అతను అన్నిటికీ వాడేదే. తాను మొదట బాగుచేసిన తాళంకప్ప మీది నంబరు.

అది కొట్టగానే అతని జేబులోని ఫోను టింగుమంది. కోడు వచ్చింది. ఆ కోడు ఈ ఫోనులో కొట్టాడు. కొత్త అంకెలు పెట్టుకోండని ఫోను మర్యాదగా అడిగింది. పెట్టాడు. ఫోల్డరు తెరుచుకుంది.

తీగ అక్కర్లేదు, ఆకురాయి అక్కర్లేదు, చెవి ఆనించి పిన్ను చప్పుడు వినక్కర్లేదు. ఎవరో అడిగిన ప్రశ్నలకు వరుసగా జవాబులు చెప్పినట్టుందే తప్ప, తాళం తీసినట్టు అతనికి అనిపించనే లేదు. అనిపించి ఉంటే చుట్టూ చూసేవాడు, సొంతదారు ఎక్కడా అని.

లోపల పేర్లు లేవు, అంకెలున్నాయి. ఒకటి నుంచి పదకొండు దాకా. ఏడో అంకె నొక్కాడు. మెడ నుంచి నడుము దాకా ఒక ఆడమనిషి. తల లేదు. పక్కన కొలత టేపు, చర్మానికి కాస్త ఎడంగా పట్టుకున్న గుడ్డ, గుడ్డకి గుచ్చిన పిన్నులు. ఒకవైపు మామూలుగా ఉంది. ఇంకోవైపు చదునుగా, చంక దాకా ఒక పొడుగాటి కుట్టు. రొమ్ము తీసేసిన ఆపరేషను అదని మాస్టరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను బోర్లా పెట్టాల్సింది. పెట్టలేదు. తొమ్మిదో అంకె నొక్కాడు. అదీ అంతే. నాలుగు నొక్కాడు.

నాలుగో మనిషి ఎడమ భుజం మీద కాలిన మచ్చ ఉంది. అరచేయంత, అంచులు ముడుచుకుపోయి. ఆ మచ్చ మాస్టరుకి తెలుసు. అయిదేళ్ళ వయసులో మరుగుతున్న నీళ్ళ గిన్నె అతను లాగితే, అడ్డం వచ్చిన పదేళ్ళ అక్క భుజం మీద పడింది ఆ మచ్చ.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఫోల్డరు మూసేశాడు, మళ్ళీ తెరిచి సరిగా మూశాడో లేదో చూశాడు, మళ్ళీ మూశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత గాని అతనికి తట్టలేదు, ఈ తాళానికి ఇప్పుడున్నవి తన అంకెలని. పాతవి ఏమిటో అతనికి తెలియదు. తెరిచిన తాళం తిరిగి బిగించలేకపోవడం అతని బతుకులో అదే మొదలు.

సాయంత్రం ఆమె కొత్త లైనింగు మడతలు విప్పి బల్లమీద పరిచి, ఫోను తీసింది. చెక్క అవతల మాస్టరు పేపరు పట్టుకుని ఒకే వార్త నాలుగోసారి చదువుతున్నాడు. అంకెలు కొట్టిన చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ. ఇంకోసారి, ఈసారి మెల్లగా, ఒక్కొక్క అంకే.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి. ఇది నా నంబరు తీసుకోవడం లేదు."

అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సరిగ్గా కొట్టావా?"

"రోజుకి పదిసార్లు కొట్టే నంబరండీ!" ఆమె మొహంలో చిరాకు లేదు, భయం ఉంది. "మర్చిపోయానంటారా? నిన్న కూడా కత్తెర ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను. మా అమ్మకీ ఇలా కత్తెరతోనే మొదలైంది."

వాళ్ళమ్మ చివరి రెండేళ్ళు కూతుర్ని పక్కింటావిడ అనుకుని పలకరించేది. మాస్టరు ఆవిణ్ణి చేతులతో పట్టుకుని నడిపించిన మనిషి. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. నేనే మార్చానే, అంటే రెండు ముక్కలు. ఆ రెండూ బయటికి రాలేదు.

"వయసు మీద పడుతోంది కదే, మర్చిపోయి ఉంటావు" అన్నాడు.

అన్నాక, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే రోత పుట్టింది.

"కింద ఏదో అకౌంటు పాస్‌వర్డ్ అంటోంది. మీరేగా పెట్టింది?"

చెబితే పనైపోతుంది, నిజమే. కానీ తెరవగలనని చూపిస్తే, తెరిచానని తెలిసిపోతుంది. "అదీ గుర్తులేదే" అన్నాడు. ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు కాబోలు, వెంటనే తోడు తెచ్చుకుంది.

ఆమె ఫోను పక్కన పెట్టి, వేళ్ళతో నుదురు రుద్దుకుంది. తర్వాత చాలాసేపు లైనింగు కత్తిరించలేదు. ఒక కాగితం తీసుకుని ఇంట్లో వాళ్ళ ఫోను నంబర్లు, చుట్టాల పిల్లల పేర్లు చూడకుండా రాసుకుని, పుస్తకంతో సరిచూసుకుంది. అన్నీ కరెక్టుగానే ఉన్నాయి. అయినా ఇంకో కాగితం తీసింది.

మంగళవారం ఉదయం స్కూలు టీచరు వచ్చింది. మాస్టరు అప్పటికి బడ్డీకి వెళ్ళిపోవాల్సింది, చెప్పు కనబడక ఆగిపోయాడు. చెక్క గోడ పలచన. ఆమె వాళ్ళని ఎప్పుడూ అతను బడ్డీకి వెళ్ళే వేళకే రమ్మనేదని అతనికి ఆ పూటే అర్థమైంది.

"పోయిన నెల తీసిన ఫొటోలు తెరుచుకోవడం లేదమ్మా" అంటోంది భార్య, గొంతు తగ్గించి. "వాపు ఎంత తగ్గిందో పక్కన పెట్టి చూసుకుంటే గాని, తీసేసిన వైపు బాడీలోని సంచిలో దూది ఎంత పెట్టాలో తెలీదు. తప్పు నాదే. నంబరు మర్చిపోయాను."

"అయితే... మళ్ళీ విప్పాలా?"

"మళ్ళీ కొలవాలమ్మా. ఏమీ అనుకోకండి."

హుక్కులు విప్పుతున్న చప్పుడు, పిన్నుల డబ్బా మూత తీసిన చప్పుడు. టీచరు గొంతు నవ్వడానికి ప్రయత్నిస్తూ అంది: "ఫరవాలేదులెండి. హాస్పిటల్లో చూసి చూసి నాకూ అలవాటైపోయింది. మీ దగ్గర మాత్రం సిగ్గనిపించేది కాదు."

"బరువు సరిపోయిందా? కర్టెన్ల అంచుల్లో పెట్టే బిళ్ళలు ఇంకో రెండు వేశాను. నడిచేటప్పుడు ఒకపక్కకి లాగుతున్నట్టుందా?"

"లేదండీ. మొన్న బోర్డు మీద రాస్తుంటే నాకే గుర్తు లేదు."

మాస్టరుకి చెప్పు దొరికింది, కాలి పక్కనే ఉంది. రెండూ చేత్తో పట్టుకుని, పిల్లిలా అడుగులేసి వీధిలోకి వచ్చాక తొడుక్కున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంట్లోంచి అలా దొంగలా బయటపడటం అదే మొదటిసారి. తన భార్య చేస్తున్న పని ఇంత పెద్దదని తెలిసింది, అదీ చెప్పులు చేత పట్టుకుని తెలుసుకోవాల్సి వచ్చింది.

బడ్డీ దగ్గర ఒకాయన సూట్‌కేసు పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. నీటుగా దువ్వుకున్న తల, తొందరగా ఉన్న మొహం.

"మాస్టారూ, ఇది కాస్త తెరిచిపెట్టండి. నంబరు మర్చిపోయాం."

"ఎవరిదండీ?"

"మా ఆవిడదే."

"ఆవిణ్ణి తీసుకురండి."

"ఆవిడ ఊరెళ్ళింది. మా ఇంట్లోదేనండీ, ఏమన్నా దొంగసొమ్మా? మొగుడూ పెళ్ళాల మధ్య తాళమేమిటి?"

ఇలాంటివాళ్ళకి చెప్పడానికి మాస్టరు దగ్గర ఒక ఉపన్యాసం తయారుగా ఉంటుంది. పక్క బడ్డీలో చెప్పులు కుట్టే పెద్దాయన కూడా అది వినడానికి సూది ఆపి తలెత్తాడు. మాస్టరు సూట్‌కేసు అంకెల చక్రాలకేసి చూస్తూ, "కుదరదండీ" అన్నాడు, అంతే. ఆయన సణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ రేడియోకి కరెంటు లేదా?" అన్నాడు చెప్పులాయన.

మాస్టరు నవ్వలేదు. ఒక పాత తాళంకప్ప తీసుకుని, పాడవని దాన్నే విప్పి, పిన్నులన్నీ అరచేతిలో పోసుకుని మళ్ళీ ఒక్కొక్కటే ఎక్కించాడు. సాయంత్రం చెబుతాను, అనుకున్నాడు. సాయంత్రమైంది. ఆమె మొహం చూడటానికి ముఖం చెల్లక, కడుపులో బాగాలేదని చెప్పి గోడకేసి తిరిగి పడుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఫోను తీసుకుని, అది కొన్న షాపుకి వెళ్ళింది. వెళ్తున్నట్టు అతనికి చెప్పలేదు. బడ్డీ ముందునుంచే వెళ్ళింది, చేతిసంచి చంకలో నొక్కిపెట్టుకుని. తిరిగి వచ్చేటప్పుడు కూడా అటుగానే వచ్చింది, ఈసారి ఆగింది.

"టీ తాగారా?" అంది.

"తాగాను."

ఆమె ఇంకా నిలబడే ఉంది. అతని బల్లమీద వేలాడుతున్న మారు తాళంచెవుల గుత్తిని చేత్తో ఒకసారి కదిపి, అది ఆగేదాకా చూసింది. ఏదో అడుగుతుందేమోనని అతను ఆకురాయి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె సంచి సర్దుకుంది. ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గడియ వేసిన కుట్టుగదిలో ఆమె చాలాసేపు ఫోనులో మాట్లాడింది. మాటలు వినిపించలేదు, మిషను తిరగలేదు. భోజనం దగ్గర మాత్రం ప్లేటు అతని ముందుకి జరుపుతూ అంది:

"నా మతిమరుపు సంగతి ఏమనుకుంటున్నారు?"

"అదేం పెద్ద విషయం కాదులే" అన్నాడు ప్లేటులోకి చూస్తూ.

"సరే" అంది ఆమె.

గురువారం ఉదయం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, వాళ్ళమ్మ పాత రిపోర్టుల కవరు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?"

"మెదడు డాక్టరు దగ్గరికి. మా అమ్మ విషయం కూడా చెబుతాను. మొదట్లోనే చూపించుకుంటే మంచిదట. ఒక మనిషి తోడు రావాలన్నారు. ఎప్పట్నుంచి మర్చిపోతోందో ఇంట్లోవాళ్ళే చెప్పాలట. మీరు చెబుతారా?"

మాస్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మూడో గుండీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. డాక్టరు ముందు కుర్చీలో కూర్చుని, ఏం లేని మనిషికి మతి పోతోందని సాక్ష్యం చెప్పాలి. అంతవరకూ వచ్చింది. అతను మంచం మీద కూలబడ్డాడు.

"నువ్వేం మర్చిపోలేదే" అన్నాడు. "నేనే మార్చాను. సోమవారం నువ్వు బజారుకెళ్ళినప్పుడు. లోపల చూశాను కూడా."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆమె కవరు కుర్చీలో పెట్టి, తనూ దానిపక్కనే అంచుమీద కూర్చుంది.

"తెలుసు" అంది.

అతను తలెత్తాడు.

"నిన్న షాపు అమ్మాయి చూపించింది. సోమవారం రెండూ ఇరవైకి తాళం మార్చారు, కోడు మీ నంబరుకి వెళ్ళింది. ఆ అమ్మాయికి నా మొహం చూడటానికి మొహమాటం వేసింది పాపం, తానేదో తప్పు చేసినట్టు." ఆమె కవరు అంచు మడిచింది. "బడ్డీ దగ్గర ఆగాను. అక్కడే చెబుతారేమోనని. భోజనం దగ్గర అడిగాను. చివరికి డాక్టరు పేరు ఎత్తాల్సి వచ్చింది. నాకు మతి పోలేదని నిన్నే తెలిసింది నాకు. ఎంత సంతోషం వేసిందనుకున్నారు! ఆ సంతోషం చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేడు."

"తప్పైపోయిందే."

"ఆ రెండు రోజులూ నేను కాగితాల మీద పేర్లు రాసుకుంటుంటే చూస్తూ కూర్చున్నారు. ఫోను తెరిచారంటే ఏదో బుద్ధి గడ్డి తిందనుకుంటాను. ఇది మాత్రం ఏమనుకోవాలో నాకు తెలీడం లేదండీ."

ఆమె ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అందరికీ నేనే చెప్పేశాను నిన్న. మా ఆయన చూశాడు, క్షమించండి, తీసెయ్యమంటే తీసేస్తానని. ముగ్గురు తీసెయ్యమన్నారు, ఇక రారు. టీచరమ్మ ఏమీ అనలేదు. ఒక్కటే అడిగింది. మంగళవారం నేను రెండోసారి విప్పినప్పుడు ఆయన గోడ అవతలే ఉన్నారా అని."

"ఏం చెప్పావు?"

"ఉన్నారనే చెప్పాను. చెప్పుల కోసం వెతుక్కోవడం విన్నాను. అప్పటికి నాకేం తెలుసు, పాపం చెప్పు కనబడలేదేమో అనుకున్నాను." ఆమె ఫోను తెర మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. "ఏం అంకెలు పెట్టారు?"

"మన పెళ్ళి రోజు."

"ఆ రోజు గుర్తుందన్నమాట" అంది ఆమె. నవ్వు కాదది.

ఆ అంకెలతోనే తెరిచి, మూడు ఫోల్డర్లు ఒక్కొక్కటే చెరిపేసింది. తర్వాత నిన్న షాపులో తన నంబరుమీద, తన పేరుతో చేయించుకున్న కొత్త అకౌంటుకి ఫోను మార్చింది. అమ్మాయి కాగితం మీద రాసిచ్చిన వరుస ప్రకారం నెమ్మదిగా, ఒక్కొక్క అడుగు వేలితో చూసుకుంటూ. చివర ఒక మీట మిగిలింది. తాళం అంకెలు మర్చిపోతే అకౌంటుతో తిరిగి తెరుచుకునే మీట అది. ఆమె దాన్ని ఆపేసింది. ఫోను హెచ్చరించింది: ఇకమీద అంకెలు మర్చిపోతే ఎవరూ తెరవలేరు, లోపలివన్నీ పోతాయి. సమ్మతమేనా?

"ఆలోచించుకోవే. నిజంగా మర్చిపోతే?" అన్నాడు మాస్టరు, అలవాటుకొద్దీ. మారు తాళంచెవి లేని తాళం అతను ఎవరికీ అమ్మడు.

"మర్చిపోతే పోతాయి. మళ్ళీ కొలుచుకుంటాను. నా మతికేం కాలేదుగా."

సమ్మతమే అని నొక్కింది. కొత్త అంకెలు పెట్టమని ఫోను అడిగింది. మాస్టరు లేచి అటు తిరగబోయాడు. అంతకుముందే ఆమె కుట్టుగదిలోకి వెళ్ళిపోయింది. లోపల గడియ పడింది.

బయటికి వచ్చాక ఆమె మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, అతనికేసి చూడకుండా అంది: "పదిమందికి చెప్పాను. ఒక్కరికి చెప్పలేదు. ఎవరివెవరివి చూశారు మీరు?"

"ఏడు, తొమ్మిది." ఆగాడు. "నాలుగు."

"నాలుగు ఎవరో తెలిసిందా?"

తలూపాడు.

"ఆవిడకి నేను చెప్పను. అది మీరు చెప్పాల్సింది."

అక్కకి లైబ్రరీలో మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున డాబా మీద బట్టలారేస్తుంది. మాస్టరు మూడంతస్తులెక్కి వెళ్ళేసరికి బకెట్టు పక్కన పెట్టుకుని, తీగకి అందేలా కుడిచెయ్యి ఒక్కటే వాడుతూ దుప్పటి విసురుతోంది. అది సగం పడి సగం జారుతోంది. ఎడమచెయ్యి భుజం దాటి లేవడం లేదు. పోయిన నెల ఇదే డాబా మీద, అక్క తడిబట్టలు కుర్చీలమీద ఆరేసి ఉంటే, "తీగ మీద వెయ్యడానికి కూడా బద్ధకమేనా?" అని అతను ఆటపట్టించాడు. అక్క కూడా నవ్వింది అప్పుడు. ఆ నవ్వు గుర్తొచ్చి మాస్టరు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"ఏంట్రా, బడ్డీ తెరవలేదా? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఏం కాలేదక్కా. నీకో మాట చెప్పాలి."

"చెప్పు. నీకు మాటలకేం."

దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా అక్కడ ఎగిరిపోయింది. "నీ మరదలి ఫోను తెరిచాను. తనకి తెలీకుండా. అందులో నీ ఫొటో చూశాను."

అక్క చేతిలో క్లిప్పు ఉంది. దాన్ని తీగకి పెట్టి, మళ్ళీ తీసి, కొంగుకి పెట్టుకుంది.

"మొహం ఉండదుగా అందులో."

"మచ్చ ఉంది."

ఆమె కుడిచెయ్యి తనంతట తానే వెళ్ళి ఎడమ భుజాన్ని కప్పుకుంది. అంత ఎండలో అతనికి ఆమె మొహం తెల్లబోయినట్టు కనిపించింది.

"ఎంత చూశావు?"

"మచ్చ కనబడగానే ఆపేశానక్కా."

అక్క అతనికేసే చూసింది. చిన్నప్పుడు పలక ఎక్కడ పగలగొట్టావని అడిగి, చెప్పేదాకా అలాగే చూసేది.

"కాదు" అన్నాడు. "మొత్తం చూశాను."

అక్క బకెట్టుని కాలితో పక్కకి జరిపింది.

"నేనింకా చూసుకోలేదురా" అంది.

అతనికి అర్థం కాలేదు.

"ఎనిమిది నెలలైంది. స్నానం కూడా గోడకేసి తిరిగి చేస్తున్నాను. కుట్టుగదిలో అద్దం మీద గుడ్డ తీయనివ్వలేదు. ఫొటో చూపించనా వదినా అంటే, దాచిపెట్టమ్మా, నేనే అడుగుతాను ఏదో ఒకరోజు అన్నాను. ధైర్యం వచ్చిన రోజున మొదట నేనే చూసుకుందామనుకున్నాను." ఆమె గొంతులో కోపం వెతికాడు మాస్టరు, దొరకలేదు. "నువ్వు నాకంటే ముందు చూసేశావు."

అతనికి ఆమె కాళ్ళమీద పడిపోవాలనిపించింది. కళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. అది చూసి అక్క మొహం తిప్పుకుంది.

"ఇదిగో, అందుకే నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఏడుస్తావు, నేను ఓదార్చాలి. నాకు ఆ ఓపిక లేకపోయింది."

అతను పళ్ళు బిగించి ఆ నీళ్ళు లోపలికే పంపేశాడు. తుడుచుకోవడం కూడా ఏడవడమే అవుతుందేమోనని తుడుచుకోలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదక్కా."

"చెప్పవుగా?"

ముప్ఫై ఏళ్ళుగా బీరువాల్లోకి తొంగిచూడనని ఊరంతా చెప్పుకున్న మనిషిని సొంత అక్క అలా రెట్టించి అడగాల్సి వచ్చింది. "చెప్పను" అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో అతనికే వినిపించింది.

తీగ మీంచి బకెట్టులోకి జారిన దుప్పటిని అక్క మళ్ళీ పైకి తీసింది. నీళ్ళు కారుతున్నాయి. మాస్టరు గబుక్కున కొస అందుకోబోయాడు.

"వద్దు. చెయ్యి రోజూ ఎత్తాలని చెప్పింది డాక్టరమ్మ. నేనే ఆరేసుకుంటాను." దుప్పటి గుండెలకి హత్తుకుని నిలబడింది, చీర తడిసిపోతోంది. "నువ్వు చూస్తుంటే లేవదురా. అటు తిరుగు."

మాస్టరు తిరిగాడు. ఎదురుగా మెట్ల తలుపు, దానికి తుప్పు పట్టిన గడియ. వెనక తడి గుడ్డ దులిపిన చప్పుడైంది. అక్క ఊపిరి బిగబట్టింది, ఊఁ అని సన్నగా మూలిగింది. దుప్పటి జారి నేలమీద పడ్డట్టు చప్పుడైంది. అతని మడమ లేచింది, తనే దాన్ని మళ్ళీ ఆనించాడు. మళ్ళీ దులిపిన చప్పుడు, మళ్ళీ మూలుగు, ఈసారి కాస్త పొడుగ్గా. చాలాసేపటికి ఒక క్లిప్పు పడింది. ఇంకొంతసేపటికి రెండోది.

తర్వాత చిన్న బట్టలు, ఒక్కొక్కటే. ఆఖరున బకెట్టులో మిగిలిన నీళ్ళు వంపేసిన చప్పుడు వినిపించింది. అక్క ఇటు తిరగమనలేదు. మాస్టరు తిరగలేదు.